‘డ్యూన్’ రెండో నవల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల ‘డ్యూన్’ చదివి దాని తరువాతి నవల ‘డ్యూన్ మెసయ్య’ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారు, పూర్తిగా చదివి నిరాశపడినవారు, అసలు చదవాలో వద్దో తేల్చుకోలేనివారు శ్రీకాకుళం, విజయనగరం చదువరులలో చాలామందే ఉన్నారు. పుస్తకాల గురించి మాట్లాడుకునే సాయంకాలాలలో వారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను. కథ వివరాలు నవలలోవి, తీర్పులు నావి. మొదటి నాలుగు సమాధానాలలో కథ పూర్తిగా బయటపడదు. ఆ తరువాతి వాటిలో ముగింపు వరకూ చెప్పకుండా మాట్లాడటం సాధ్యం కాలేదు.

ఇది ఎలాంటి నవల? మొదటి నవలతో దీనికి సంబంధమేమిటి?

ఇరవైకి పైగా ప్రచురణకర్తలు తిరస్కరించిన ‘డ్యూన్’ను కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడిన చిల్టన్ సంస్థ 1965లో ప్రచురించింది. మరుసటి సంవత్సరం దానికి హ్యూగో పురస్కారం మరొక నవలతో కలిపి దక్కింది, అప్పుడే మొదలైన నెబ్యులా పురస్కారం కూడా వచ్చింది. రెండో నవల 1969లో ముందు ‘గెలాక్సీ’ పత్రికలో ధారావాహికగా వచ్చి, అదే సంవత్సరం పుస్తకమైంది. మొదటి కథ ముగిసిన పన్నెండేళ్లకు ఇది మొదలవుతుంది. ఎడారి గ్రహమైన అరాకిస్‌లో ఫ్రెమెన్ ప్రజల అండతో సింహాసనం గెలుచుకున్న పాల్ అట్రైడీస్ ఇప్పుడు చక్రవర్తి, అతని అనుచరుల దృష్టిలో దేవుడు కూడా. అతని పేరు చెప్పుకుంటూ ఫ్రెమెన్ సేనలు గ్రహం తరువాత గ్రహాన్ని లొంగదీసుకున్నాయి. అతన్ని కూలదోయడానికి నలుగురు కలిసి పన్నిన కుట్ర, ఆ కుట్ర గురించి ముందే ఎంతో కొంత తెలిసి కూడా అతను దాని మధ్యనే నడవడం, ఈ రెండే నవలలోని కథ.

మొదటి నవల చదివి ఆపేస్తే వచ్చే నష్టమేమిటి?

నష్టం పెద్దదేనని నా అభిప్రాయం. మొదటి నవలను విజయగాథగా చదవడం చాలా సులభం. తండ్రిని చంపి రాజ్యాన్ని లాక్కున్నవారి నుంచి తప్పించుకున్న యువకుడు, పరాయి ప్రజల మధ్య ఆశ్రయం పొంది, వారి విద్యలు నేర్చి, వారికే నాయకుడై పగ తీర్చుకుంటాడు. తన పేరిట జరగబోయే మారణకాండ అతని భవిష్యద్దర్శనాలలో పదే పదే కనిపిస్తూనే ఉంటుంది, దానికి అతను భయపడుతూనే ఉంటాడు, కానీ కథ వేగం ఎంత బలమైనదంటే ఆ భయాన్ని చదువరి పక్కకు నెట్టి గెలుపు కోసం ఎదురుచూస్తాడు. నేనూ అలాగే చదివాను, చాలామంది అలాగే చదువుతారు. మొదటి నవల పైడితల్లి సిరిమాను నాటి విజయనగరమైతే, రెండోది ఆ మర్నాటి ఉదయం అదే వీధి.

విజయం సాధించిన పుస్తకానికి తరువాత తగిలించిన తోక అని దీన్ని కొందరు అంటారు. ఆ మాట నిలవదు. మొదటి నవల పూర్తికాకముందే రెండో, మూడో నవలల్లోని కొన్ని భాగాలు రాసి ఉన్నానని హెర్బర్ట్ 1980లో రాసిన ఒక వ్యాసంలో చెప్పాడు. అంటే నాయకుణ్ణి ఎత్తడం, దించడం ఒకే ఆలోచనలోని రెండు సగాలు. ఎత్తడం దగ్గరే ఆగిపోయినవారు రచయిత తప్పని చూపించదలచిన దానినే ఒప్పని నమ్మి పుస్తకం మూసే ప్రమాదం ఉంది.

అయితే ఇంతమందికి ఎందుకు నచ్చలేదు?

నచ్చకపోవడం అచ్చు కాకముందే మొదలైంది. ‘డ్యూన్’ భాగాలను 1963 నుంచి 1965 మధ్య ‘అనలాగ్’ పత్రికలో వేసి హెర్బర్ట్‌కు వెన్నుదన్నుగా నిలిచిన సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్, రెండో నవలను మాత్రం తీసుకోలేదు. నాయకుడు గెలిచే కథలు కోరుకునే సంపాదకుడికి నాయకుడు కూలిపోయే కథ రుచించలేదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా చదువరుల ఫిర్యాదులు కూడా చాలావరకు అదే దారిలో నడుస్తున్నాయి.

వాటిలో కొన్ని ఫిర్యాదులు న్యాయమైనవి. నవల మొదటి నవలలో సగం కూడా ఉండదు, అయినా చదవడానికి ఎక్కువ సమయం పట్టినట్టు అనిపిస్తుంది. కారణం సంభాషణలు. కుట్రదారులు తొలిసారి కలుసుకునే అధ్యాయంలో ప్రతి ఒక్కరూ ఎదుటివారి మాటను తూచి, ఆ మాట వెనుక మాటను తూచి, తాము తూచినట్టు ఎదుటివారికి తెలిసిందో లేదో కూడా తూచుతారు. పది పేజీల తరువాత ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో మరచిపోయినా ఆశ్చర్యం లేదు. యుద్ధాలన్నీ తెర వెనుకే జరిగిపోయి ఉంటాయి. మొదటి నవలలో ఎడారిలోని భారీ ఇసుక పురుగులు నడిపించిన ఉత్కంఠను ఇక్కడ గదుల్లో కూర్చున్న మనుషుల మౌనాలు నడిపించాలి, అవి ప్రతిచోటా ఆ పని చేయలేకపోయాయి.

పాల్ ‘మారిపోయాడు’ అనే ఫిర్యాదును మాత్రం నేను ఒప్పుకోను. అతను మారలేదు. మొదటి నవలలో అతను భయపడినదంతా జరిగిపోయిన తరువాత మిగిలిన మనిషి అతను.

ఇంగ్లీషులో చదవడం కష్టమా?

కష్టమే, కానీ వాక్యాలు కష్టం కాదు, పేర్లు కష్టం. మొదటి నవల చివర పదకోశం ఉంటుంది కనుక ఆ పుస్తకాన్ని చేతికందేలా ఉంచుకోండి. బెనే జెసెరిట్ అంటే మనసునూ శరీరాన్నీ అదుపులో పెట్టుకునే శిక్షణ పొంది, తరతరాలుగా రాజవంశాల సంబంధాలను తెర వెనుక నుంచి నడిపించే స్త్రీల సంఘం. గిల్డ్ అంటే గ్రహాల మధ్య ప్రయాణాలపై గుత్తాధిపత్యం ఉన్న వ్యవస్థ. ట్లెయ్‌లాక్సు అంటే మనిషి దేహాన్ని ముడిసరుకుగా చూసే జాతి. ఈ మూడూ గుర్తుంటే మిగతావి దారిలో అర్థమవుతాయి. మొదటి నవల చదివి ఏళ్లు గడిచిపోతే దాని చివరి భాగాన్ని మాత్రం మళ్లీ తిరగేసి ఇందులోకి దిగడం మంచిది.

ఇక్కడి నుంచి కథ మొత్తం బయటపడుతుంది.

పాల్ నాయకుడా, ప్రతినాయకుడా?

ఎక్కువ వాదన జరిగే ప్రశ్న ఇదే. మొదటి నవలలో భవిష్యత్తును చూడగలగడం పాల్‌కు ఆయుధం, రెండో నవలలో అదే అతనికి చెర. ఒక దారిని స్పష్టంగా చూసిన కొద్దీ మిగతా దారులు మూసుకుపోతాయన్నది హెర్బర్ట్ ఊహ. రాతిని కూడా దహించే ఒక ఆయుధం పేలి పాల్ కళ్లు పోయినప్పుడు అతను తడుముకోడు, ఎందుకంటే ఆ రోజును అతను ముందే చూసి ఉన్నాడు. జ్ఞాపకం ఉన్న దర్శనానికీ ఎదురుగా జరుగుతున్న దానికీ తేడా లేకుండా నడుస్తాడు, మాట్లాడతాడు, ఎదుటివారి ముఖాన్ని గుర్తిస్తాడు. చుట్టూ ఉన్నవారు దాన్ని మహిమ అనుకుంటారు. నిజానికి ఆ క్షణంలో అతనంత బందీ ఆ సామ్రాజ్యంలో మరొకడు లేడు, అనుకున్న మాట తప్ప మరో మాట మాట్లాడితే అతనికి చీకటే మిగులుతుంది. మొత్తం వరుస నవలల్లో ఇంతకంటే బలమైన ఊహ నాకు కనిపించలేదు.

అయితే అతను నిస్సహాయుడు కనుక నిర్దోషి అని వాదించేవారితో నేను ఏకీభవించను. తాను చనిపోయినా ఉద్యమం తనను అమరుణ్ణి చేసి ఇంకా ఉధృతంగా సాగుతుందని అతను నమ్ముతాడు, అది నిజమే కావచ్చు. కానీ అతను చూసిన దారులన్నింటిలో తన సహచరి ఛానికి తక్కువ బాధ కలిగే దారిని వెతుక్కున్నాడు. ప్రేమికుడిగా అది గొప్ప ఎంపిక. చక్రవర్తి చేసిన ఎంపికగా చూస్తే, లెక్కకు రాని ప్రజల బతుకుల కంటే ఒక్క మనిషి బాధను ఎక్కువగా తూచడం. హెర్బర్ట్ అతన్ని క్షమించడు, అలాగని ద్వేషించనూ లేడు, ఆ రెండు మనసుల మధ్యే నవల నిలబడుతుంది.

చనిపోయినవారి లెక్క చెప్పే సన్నివేశం గురించి ఎందుకంత చర్చ?

పాల్ తన సేనాని స్టిల్గార్‌కు పురాతన భూమి చరిత్ర చదవమని చెప్పి, చెంఘిజ్ ఖాన్, హిట్లర్ పేర్లు ఎత్తుతాడు. హిట్లర్ అరవై లక్షలకు పైగా మనుషులను చంపాడని విన్న స్టిల్గార్ ఆ అంకె పెద్దదేమీ కాదన్నట్టు మాట్లాడతాడు. అప్పుడు పాల్ తన లెక్క చెబుతాడు: తక్కువలో తక్కువగా 6,100 కోట్ల మంది మరణం, 90 గ్రహాలు నిర్జీవం, మరో 500 గ్రహాల స్థైర్యం ధ్వంసం, 40 మతాల అనుయాయులు లేకుండా పోవడం. స్టిల్గార్ మాటలో క్రూరత్వం లేదు, అమాయకత్వం ఉంది, భయపెట్టేది అదే. పన్నెండేళ్ల విజయాలు ఒక మంచి మనిషిలో అంకెల పట్ల స్పందనను చంపేశాయి.

ఈ సన్నివేశాన్ని శ్రీకాకుళంలో కూర్చుని చదవడం వేరు. మనది ప్రాచీన కళింగంలో భాగం, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. కళింగ యుద్ధం తరువాత అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో తానే లెక్క రాయించాడు: లక్షమంది హతులు, లక్షా యాభై వేలమంది చెరపట్టి తరలించబడినవారు, ఇంకా ఎన్నో రెట్లు ఇతర కారణాల వల్ల మరణించినవారు. గెలిచిన రాజు తన చేతుల మీదుగా జరిగిన చావులను తానే లెక్కపెట్టి పశ్చాత్తాపం ప్రకటించడం ప్రపంచ చరిత్రలో అరుదు. కానీ ఆ శాసనం కళింగంలో లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ, మనకు ఉత్తరాన గంజాం జిల్లాలోని జౌగడలోనూ ఉన్న శిలల మీద పదకొండు నుంచి పదమూడు వరకు శాసనాలను వదిలేసి, వాటి స్థానంలో ఈ ప్రాంతపు అధికారులకు పాలన గురించి చెప్పే వేరే శాసనాలు చెక్కించారు. పశ్చాత్తాపం దూరప్రాంతాల వారు చదువుకున్నారు, దెబ్బతిన్నవారికి మాత్రం పాలనా నియమాలు అందాయి.

నవల మీద నా ప్రధానమైన అభ్యంతరం సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ 6,100 కోట్ల మందిలో ఒక్కరి ఊరు కూడా మనకు కనిపించదు. చంపినవాడి నోటి నుంచే చావుల లెక్క వింటాం, అతని బాధనే చూస్తాం, అతని మీదే జాలి పడతాం. గెలిచిన రాజు పశ్చాత్తాపం ఎంత నిజాయితీగా ఉన్నా అది కూడా రాజు కథే అవుతుందన్న సంగతి హెర్బర్ట్‌కు తెలియదని అనను, తెలిసినట్టు ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది. కానీ తెలిసిన రచయిత ఓడిపోయిన గ్రహం మీద ఒక్క అధ్యాయమైనా గడపవలసింది.

ఆ ‘ఒకటి రెండు చోట్లు’ ఏవి?

ముఖ్యమైనది ఫరోక్ సన్నివేశం. చాలామంది దీన్ని దాటవేసి వెళ్లిపోతారు, నా దృష్టిలో నవలలో అత్యుత్తమమైన పేజీలు ఇవే. ఫరోక్ వృద్ధుడైన ఫ్రెమెన్ యోధుడు, అతని కొడుకు యుద్ధంలో కళ్లు పోగొట్టుకుని ఇంటి దగ్గర సంగీతం వాయించుకుంటూ కూర్చుంటాడు. రూపం మార్చుకోగల కుట్రదారు సైటేల్ అతని దగ్గరకు వచ్చి, యుద్ధానికి ఎందుకు వెళ్లావని కదిలిస్తాడు. ఫరోక్ చెప్పే కారణాల్లో దేవుడి కంటే ముందు సముద్రం ఉంటుంది. నీటి బొట్టును ప్రాణంలా దాచుకునే ఎడారిలో పుట్టినవాడు, సముద్రమనేది ఒకటి ఉందని విని నమ్మలేకపోయాడు, దాన్ని చూడటానికి సేనలో చేరాడు. వేరే గ్రహం మీద చూశాడు, అందులోకి దిగాడు, బయటికి వచ్చేసరికి యుద్ధం మీద మోజు అతనిలో చచ్చిపోయింది.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట నిలబడి పెరిగినవారికి ఈ భాగం వింతగా తగులుతుంది. మనకు సముద్రం వేట, ఉప్పు, తుపాను హెచ్చరిక, అక్టోబరు భయం. ఒక మనిషి సముద్రాన్ని మొదటిసారి చూడటానికి పరాయివారి ఊళ్లు తగలబెట్టేదాకా వెళ్లాడంటే, మహాయుద్ధాల్లో నడిచే కాళ్లకు నాయకుడి సిద్ధాంతంతో సంబంధం లేని సొంత కోరికలు ఎన్ని ఉంటాయో తెలుస్తుంది. ఇలాంటి ఫరోక్‌లు మరో ముగ్గురు ఉంటే ఇది మొదటి నవలను మించిపోయేది.

హేట్ పాత్ర అంత గొప్పదా? చనిపోయినవాణ్ణి తిరిగి తేవడం పాత చిట్కా కదా?

చిట్కాగా మొదలైన మాట నిజమే. మొదటి నవలలో పాల్‌ను కాపాడుతూ మరణించిన డంకన్ ఐడహో దేహాన్ని ట్లెయ్‌లాక్సు వారు తిరిగి జీవింపజేసి, లోహపు కళ్లు అమర్చి, హేట్ అని పేరు పెట్టి గిల్డ్ ద్వారా పాల్‌కు కానుకగా పంపుతారు. అతనికి పాత జ్ఞాపకాలు లేవు. తనలో ప్రమాదం పొంచి ఉందని, తనను పంపించివేయడమే మేలని అతనే పాల్‌తో చెబుతాడు. పాల్ అయినా ఉంచుకుంటాడు, ఎందుకంటే ఆ ముఖం స్నేహితుడిది. కత్తికి లొంగని చక్రవర్తిని జ్ఞాపకంతో కొట్టడం కుట్రదారుల తెలివి.

ఛాని మరణవార్త వినగానే పాల్‌ను చంపాలన్న ఆజ్ఞ హేట్ మనసులో అతనికే తెలియకుండా నాటబడి ఉంటుంది. ఆ క్షణం వచ్చినప్పుడు, చంపవలసిన చేతికీ ప్రేమించిన పాత మనసుకూ మధ్య జరిగే పెనుగులాటలో హేట్ లోపలి డంకన్ మేల్కొంటాడు. కుట్ర విఫలమైందని చదువరి ఊపిరి పీల్చుకుంటాడు, కానీ అదే అసలు ఎర: చనిపోయినవారు జ్ఞాపకాలతో సహా తిరిగి రాగలరని రుజువైంది కనుక, ఛానిని కూడా అలాగే తెచ్చి ఇస్తామని, బదులుగా సామ్రాజ్యం వదులుకోమని బేరం పెడతారు. పాల్ ఆ బేరాన్ని కాదనడంలో ఉన్న నొప్పి తెలియాలంటే, అంతకుముందు హేట్‌ను అతను ఎలా చూసుకున్నాడో తెలిసి ఉండాలి. నవల నిర్మాణంలో బిగువు కనిపించేది ఈ గొలుసులోనే. మొదటి సగంలోని నత్తనడకను నేను క్షమించగలిగింది కూడా దీని వల్లే.

స్త్రీ పాత్రలకు న్యాయం జరిగిందా?

జరగలేదు. ఛాని మొదటి నవలలో యోధురాలు, ఇక్కడ చాలావరకు గర్భవతిగా, పాల్ దిగులుకు కారణంగా మాత్రమే మిగిలింది. పట్టపురాణి ఇరులాన్ పరిస్థితి మరింత ఆసక్తికరమైనది: పేరుకు భార్య, భర్త స్పర్శ లేదు, సంతానం లేదు, ఛానికి గర్భం రాకుండా రహస్యంగా మందు కలిపి పెడుతూ ఉంటుంది. ఇంత పదునైన స్థితిని సృష్టించి, చివర్లో ఆమె పశ్చాత్తాపాన్ని కొద్ది మాటల్లో, అదీ ఇతరుల నోట చెప్పించి వదిలేశారు. పదిహేనేళ్ల వయసులో దేవతగా పూజలందుకునే పాల్ చెల్లెలు అలియా ఒక్కతే పూర్తిగా ప్రాణంతో కనిపిస్తుంది. ఆమె ఒంటరితనం, అసహనం, అధికారం మీద ఇష్టం మూడో నవలకు బీజాలు.

ఇది ఏదైనా ఒక మతం మీద దాడా?

కాదు. ఫ్రెమెన్ విశ్వాసం ఇస్లాం, బౌద్ధ ఛాయలు కలిసిన ఊహాజనితమైన మతం, నవలలోని పారిభాషిక పదాల్లో చాలా అరబీ మూలాలవి. రచయిత గురి విశ్వాసం మీద లేదు, సింహాసనమూ పూజాపీఠమూ ఒకే మనిషి కిందికి వచ్చినప్పుడు పుట్టే వ్యవస్థ మీద ఉంది. పాల్ భక్తుల్లోంచి పుట్టిన పూజారి వర్గం, దానికి పెద్ద అయిన కోర్బా, వారి ఆదాయాలు, వారి గూఢచర్యం, చివరకు పాల్ మీదే వారు కుట్రలో చేతులు కలపడం, ఇవన్నీ ఏ మత సంస్థ చరిత్ర తెలిసినవారికైనా పరిచయమైనవే.

గ్రహం పచ్చబడటం మంచిదే కదా, దాన్ని కూడా విషాదంగా ఎందుకు చూపించారు?

1957లో హెర్బర్ట్ అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు ఫ్లోరెన్స్ పట్టణానికి వెళ్లి, కదిలే ఇసుక దిబ్బలను గడ్డి నాటి ఆపుతున్న ప్రభుత్వ ప్రయోగాల గురించి వ్యాసం రాయబోయాడు. ఆ వ్యాసం పూర్తి కాలేదు కానీ ఈ నవలలకు అదే విత్తనం. మన తీరంలో కూడా ఇసుకనూ గాలినీ ఆపడానికి సరుగుడు తోటలు వేశారు కనుక ఆ ప్రయోగం మనకు కొత్తగా అనిపించదు. మొదటి నవలలో అరాకిస్‌ను పచ్చగా చేయడం ఫ్రెమెన్ల తరతరాల కల. రెండో నవలలో ఆ కల నెరవేరడం మొదలై, కాలువల్లో నీళ్లు పారుతుంటే, నీటి కొరత చుట్టూ అల్లుకున్న వారి క్రమశిక్షణ, మర్యాద, పరస్పర విశ్వాసం సడలిపోతాయి. పాత ఫ్రెమెన్లు కొందరు కుట్రలో చేరడానికి ఇదీ ఒక కారణం.

ఈ విషయంలో నాకు కొంత సందేహం ఉంది. కష్టమే మనుషులను నిజాయితీగా ఉంచుతుందన్న భావన, కష్టపడని వారికి అందంగా కనిపించే భావన. ఉద్దానంలో 2018 తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు కూలిపోయిన రైతు ముందు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. హెర్బర్ట్ ఈ భావనను ప్రశ్నించకుండానే వాడుకున్నాడనిపిస్తుంది.

ప్రజా ఉద్యమాలన్నింటి మీదా ఇది విమర్శ అనుకోవచ్చా?

ఈ ప్రశ్న మన జిల్లాల్లో తప్ప మరోచోట ఇంత తరచుగా రాదేమో. నవల వెలువడిన 1969లో ఏజెన్సీ కొండల్లో గిరిజనుల సాయుధ పోరాటం సాగుతోంది. దానికి నాయకత్వం వహించిన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970లో మరణించారు. ఆ పోరాటాన్ని ఈ నవలతో కొలవడం సరికాదు, ఎందుకంటే నవల గెలుపు గురించి రాసినది, ఆ పోరాటం సింహాసనం దరిదాపులకు వెళ్లలేదు, దాని మూలాల్లో భూమి, అప్పు, వెట్టి ఉన్నాయి. అయితే సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథగా కట్టి పాడిన కథల వంటివి విన్నవారికి నవలలోని ఒక ప్రశ్న తప్పక తగులుతుంది: నాయకుడి మీద పాట అధికారం చేతికి వచ్చాక చట్టంగా మారితే, ఆ పాట పాడనివాడి గతి ఏమిటి? నవల ఆరంభంలోనే ఒక చరిత్రకారుడు మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరసాలలో మాట్లాడతాడు. అతని నేరం పాల్ గురించి వేరే చరిత్ర రాయడం. ఆ పేజీలు చదివితే రచయిత విమర్శ దేని మీదో స్పష్టమవుతుంది.

ముగింపు న్యాయంగా ఉందా?

ఉంది, అది ఈ నవల బలం. ఛాని కవలలకు జన్మనిచ్చి మరణిస్తుంది. పాల్ చూసిన దర్శనాల్లో ఒక్క కూతురే ఉంది, కొడుకు లేడు. ఆ అనుకోని బిడ్డ పుట్టుకతో అతని దర్శనం తెగిపోయి నిజంగా గుడ్డివాడవుతాడు. పసిబిడ్డల మీద కత్తి పెట్టి బేరమాడుతున్న సైటేల్‌ను అప్పుడే పుట్టిన కొడుకు కళ్లతో చూసి చంపడం నమ్మశక్యంగా లేదని కొందరు అంటారు. ఆ అభ్యంతరంలో పస ఉంది, అక్కడ రచయిత చేయి కనిపిస్తుంది. ఆ తరువాత జరిగేదానికి మాత్రం వంక పెట్టలేము. గుడ్డివారిని ఎడారికి వదిలేయాలన్నది ఫ్రెమెన్ల ఆచారం. చక్రవర్తి, దేవుడు అయినవాడు ఆ ఆచారానికి తానూ లోబడి ఒంటరిగా ఇసుకలోకి నడిచిపోతాడు. దానితో ఫ్రెమెన్ల విధేయత అతని బిడ్డలకు దక్కుతుంది. అంటే వదులుకోవడం కూడా రాజకీయమే అయింది, అతను కోరుకున్నా కోరుకోకపోయినా అతని కథకు మరింత మహిమ అబ్బింది. దీన్ని త్యాగమని పొగిడేవారూ, పారిపోవడమని తిట్టేవారూ ఇద్దరూ నవలలో ఆధారాలు చూపగలరు. నా మొగ్గు రెండోవైపు కొంచెం ఎక్కువ: రాజ్యభారం పదిహేను పదహారేళ్ల చెల్లెలి మీద పడింది, ఆమె మొదటి పనులు మరణశిక్షలే.

సినిమాలు చూసినవారు నేరుగా ఈ నవల చదవవచ్చా?

చదవవచ్చు కానీ తికమక తప్పదు. డెనిస్ విల్నోవ్ తీసిన 2021, 2024 చిత్రాలు మొదటి నవల ఆధారంగా వచ్చినవి. 2024 చిత్రం చివర ఛాని పాల్‌ను విడిచి వెళ్లిపోతుంది, నవలలో ఆమె అతనితోనే ఉంటుంది. సినిమాలో పుట్టని అలియా నవలలో అప్పటికే మాటలాడే పిల్ల. నిజానికి పాల్‌ను అనుమానంతో చూడాలన్న రెండో నవల దృష్టినే ఆ చిత్రం ముందుగా తెచ్చి ఛాని కళ్లలో పెట్టింది. అంతకుముందు 2003లో వచ్చిన టీవీ ధారావాహికలో రెండో, మూడో నవలలను కలిపి తీశారు.

దీని తరువాత ఏది చదవాలి?

మూడోది 1976లో వచ్చిన ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’. పాల్ బిడ్డలు, అలియా పతనం అందులోని కథ. సంఘటనలు, ప్రయాణాలు ఎక్కువ కనుక రెండోది నచ్చనివారికి కూడా అది నచ్చే అవకాశం ఉంది. హెర్బర్ట్ 1986లో మరణించేలోగా మరో మూడు రాశాడు, వాటిలో 1981 నాటి ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’ మూడున్నర వేల సంవత్సరాలు ముందుకు దూకుతుంది, దానిలో సంభాషణలు రెండో నవల కంటే కూడా ఎక్కువ. సంభాషణలే మీకు అడ్డు అయితే మూడో నవలతో ఆగండి.